అవతలి గట్టు విస్తళ్ళు

పెరుగు వడ్డించకముందే విస్తరి ముందు నుంచి లేచిపోయిన మనిషిని మా పెద్దమ్మ జన్మలో క్షమించేది కాదు. కోర్టు గుమాస్తా అయినా, వేదం చదువుకున్న పండితుడైనా సరే, 'సగం కూటి మీద లేచిన మనిషి' అని పేరు పెట్టేసేది. అలాంటి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఏడాదికి ఒకరో ఇద్దరో ఉండేవారు. ఒక ఏడు మాత్రం రోజూ పంక్తిలో సగంమంది అలా లేచిపోవడం మొదలుపెట్టారు. ఎందుకు లేస్తున్నారో మా ఇద్దరికీ అర్థమయ్యేసరికి ఇల్లు మూసుకునేదాకా వచ్చింది.

మాది పూటకూళ్ళ ఇల్లు. గోదావరికి ఆనకట్ట కట్టాక డెల్టా అంతా కాలువలు పాకాయి కదా, అలాంటి ఒక కాలువ మీద, లాకు పక్కన ఉండేది. లాకు అంటే రెండు పెద్ద చెక్క తలుపుల మధ్య పడవ పట్టేంత జాగా. పడవ లోపలికి వచ్చాక ఒక తలుపు మూసి, నీళ్ళు నింపో తీసో, రెండో తలుపు తెరుస్తారు. ఆ పని చూసే లస్కర్లు సర్కారు మనుషులు, వాళ్ళకి తొందర ఉండేది కాదు. లాకు ముందు పడవలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయేవి. జనాన్ని ఎక్కించుకునే రాదారి పడవైనా, బియ్యం బస్తాల పడవైనా ఎవరి వంతు వాళ్ళకి వచ్చేదాకా ఆగాల్సిందే. ఈలోగా రాదారి పడవల్లోని జనం దిగి, కాలువలో మునిగి, తడిబట్ట పిండుకుని, లాకు తలుపుల మీద వేసిన నడక చెక్క దాటి మా ఇంటికి వచ్చి భోజనానికి కూర్చునేవారు. ఆ ఆలస్యం మీదే మా ఇల్లు గడిచేది. అప్పట్లో మాత్రం పెద్దమ్మ చేతివంట మీదే గడుస్తోందని నమ్మేవాళ్ళం.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. పెద్దాపురం దగ్గర ఒక పల్లెలో ఆమె అత్తవారిల్లు. భర్త పోయాక చాలాకాలం ఆ ఇంట్లోనే, భర్త అన్నగారి పంచన ఉంది. పంచన అనడమే గానీ అసలు ఉన్నది వంటింట్లో. తెల్లారకుండా తడిబట్ట కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంటే మళ్ళీ దీపాలు పెట్టాకే నడుం వాల్చేది. వంట బాగుంటే ఆ ఇంటి కోడళ్ళకి పేరు, మాడితే ఈవిడకి తిట్లు. ఒకసారి వాళ్ళింట్లో పెళ్ళికి వండి వండి సొమ్మసిల్లి పడిపోతే, 'మడి చెడిందేమో చూడండి' అన్నారట గానీ, మంచినీళ్ళు ఇచ్చినవాళ్ళు లేరట. ఆ తర్వాతే తన దగ్గర మిగిలిన కాస్త బంగారం అమ్మి ఈ లాకు పక్కన పెంకుటిల్లు వేసుకుంది. బావగారు, అంటే ఆ అన్నగారు, వెళ్ళనిచ్చారు గానీ ఊరుకోలేదు. 'నడవనప్పుడు రా. ఇక్కడ వంటిల్లు ఎక్కడికీ పోదు' అన్నారు. ఆ మాట పెద్దమ్మ నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమె చేతులు ఏదో ఒక గిన్నెని అవసరం లేకుండా తోముతూ ఉండేవి.

నా సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. పెళ్ళయిన మరుసటేడే అతను పోయాడు, అతని మొహం కూడా నాకు సరిగా గుర్తులేదు. పుట్టింట్లో వదినలకి నా నోరు గిట్టలేదు. 'దీని నోటికి నువ్వే తగినదానివి' అని అమ్మ నన్ను పెద్దమ్మ దగ్గర దింపింది. దిగిన రోజే కత్తిపీట నా ముందు పెట్టి, 'మాట్లాడేటప్పుడు చేతులు ఆగకూడదు' అంది పెద్దమ్మ. ఇల్లు పోతే ఆమె బావగారింటికి, ఆమె వెనకాల నేనూ. ఇంకో దారి మా ఇద్దరికీ లేదు.

ఆ ఏడు కాలువకి నీళ్ళు వదిలిన కొన్నాళ్ళకి అవతలి గట్టు మీద ఒక పాక లేచింది. పిఠాపురం వైపు నుంచి వచ్చిన ఒకావిడ, మాలాగే భర్త లేని మనిషి, అక్కడ పొయ్యి పెట్టింది. మొదట్లో పెద్దమ్మ నవ్వింది. 'పాకలో ఏం వండుతుందిలే, వాన కురిస్తే ముందు తడిసేది పొయ్యే' అంది. వానలు కురిశాయి, పొయ్యి తడవలేదు. రాదారి పడవ ఆగితే మా వైపు వచ్చేవాళ్ళు పలచబడ్డారు. వచ్చినవాళ్ళు కూడా పప్పు, కూర అయ్యి పులుసులోకి వచ్చేసరికి పడవ నడిపే సరంగు ఊదే బూర విని, 'వస్తామమ్మా' అంటూ లేచిపోయేవారు. పులుసు కలిపిన అన్నం ఆకులో అలాగే ఉండేది. తోడుపెట్టిన పెరుగు దుత్తల్లో మిగిలిపోయేది.

పోటీకి వచ్చినవాళ్ళ వంట ఎలా ఉందో తెలుసుకోవాలంటే మామూలుగా ఏం చేస్తారు? వెళ్ళి తిని చూస్తారు. మాకు ఆ వీలు లేదు. మడి కట్టుకున్న విధవరాలు పరాయి చేతి వంట ముట్టుకోకూడదు. అవతలి గట్టావిడా మా వంట తిని చూడకూడదు. అలా కాలువకి అటూ ఇటూ కూర్చుని ఒకరి వంట ఒకరు ఎన్నడూ రుచి చూడకుండా పోటీపడ్డాం. తిన్నవాళ్ళని అడగొచ్చు కదా అంటారేమో. అక్కడ తిన్నవాళ్ళు మా గడప తొక్కేవారు కాదు, తొక్కినా ఆ మాట అడగడం పెద్దమ్మకి తలవంపు.

అందుకని విస్తళ్ళు చూసేవాళ్ళం. పూటకూళ్ళ ఇల్లు నడిపేవాళ్ళకి ఎంగిలి విస్తరి చాలా సంగతులు చెబుతుంది. ఏ కూర అంచుకి తోసేశారు, ఏ పచ్చడి నాకేశారు, ఉప్పెక్కువైందా, అన్నం చిమిడిందా అన్నీ దాని మీదే ఉంటాయి. మా విస్తళ్ళని పెద్దమ్మ రోజూ అలా చూసేది. ఇక తెల్లవారుజామున స్నానానికని చెంబు పట్టుకుని, నడక చెక్క దాటి, అవతలి గట్టు కింద ఆవిడ పారేసిన పెంట దాకా వెళ్ళి చూడటం మొదలుపెట్టాం. ముట్టుకుంటే మైల గనక పెద్దమ్మ పుల్లతో కదిపేది, నేను చుట్టుపక్కల ఎవరైనా వస్తున్నారేమోనని చూసేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

విస్తళ్ళు తుడిచిపెట్టినట్టు ఉన్నాయి. ఒక్క మెతుకు లేదు. పెద్దమ్మ పుల్ల కింద పడేసి అక్కడే నిలబడిపోయింది.

"చూశావటే, ఏమైనా వదిలారేమో. మన ఆకుల్లో పులుసన్నం ముద్దలు ముద్దలుగా ఉంటోంది. ఆవిడ చేతిలో ఏదో ఉందే."

"చేతిలో ఏముంటుంది పెద్దమ్మా, గరిటె."

"నోర్ముయ్. అయినా ఎంత పిసినారో చూడు, ఆకులు అరచెయ్యంత ఉన్నాయి."

నిజమే. మేం నిండు అరిటాకు వేసేవాళ్ళం. ఆవిడవి నాలుగు బాదమాకులు కుట్టిన చిన్న విస్తళ్ళు. వాటి మీద ఉన్నది ఒకటే రంగు, పసుపు. పప్పు మరక లేదు, పులుసు మరక లేదు, పెరుగు చార లేదు. ఇవన్నీ మా కళ్ళతో చూశాం. చూసి కూడా ఆవిడ పిసినారి అని, ఆవిడ చెయ్యి మంచిదని తీర్మానించుకుని ఇంటికి వచ్చాం. జవాబు ఎదురుగా పెంటకుప్ప మీద పరిచి ఉంటే, దాన్ని వదిలేసి ఆవిడ చేతివంటకి కుళ్ళుకున్నాం.

ఇక పెద్దమ్మ పంతం చూడాలి. మర్నాటి నుంచి కందబచ్చలి, ఆ పైవారం పనసపొట్టు. నేతిగిన్నె పెద్దదైంది. ఒక పచ్చడి ఉన్నచోట రెండయ్యాయి. పొద్దున్న నేను ఆవాలు నూరుతూ కూర్చుంటే మధ్యాహ్నానికి భుజాలు పడిపోయేవి. వంటకాలు పెరిగేకొద్దీ వడ్డన ఆలస్యమయ్యేది. వడ్డన ఆలస్యమయ్యేకొద్దీ జనం ఇంకా ముందే లేచేవారు. ఇదివరకు పులుసు దగ్గర లేచేవాళ్ళు ఇప్పుడు రెండో కూర దగ్గరే లేస్తున్నారు. పెద్దమ్మ దాన్ని చూసి ఇంకో వంటకం పెంచేది. మిగిలిందంతా మా గేదె కుడితిలోకి పోయేది. ఆ రోజుల్లో మా గేదె తిన్నంత బాగా ఆ చుట్టుపక్కల ఎవరూ తినలేదు.

ఆశ్వయుజంలో బావగారి నుంచి కబురొచ్చింది. పడవలో వెళుతున్న ఒక బంధువు చెప్పి వెళ్ళాడు. 'ఇల్లు నడవడం లేదని విన్నాను. ఎండాకాలం కాలువ కట్టేసే వేళకి బండి కట్టుకుని వస్తాను, సర్దుకుని ఉండమను' అన్నారట. ఏటా ఎండల్లో మరమ్మత్తుల కోసం కాలువకి నీళ్ళు కట్టేస్తారు. పడవలుండవు, మాకు పని ఉండదు. ఆ సమయం చూసి తీసుకెళతానని కబురు పెట్టారు. పెద్దమ్మ ఆ మాట వినగానే తలూపి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు వంటలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. నేను ఆమె దగ్గర ఉన్నన్నాళ్ళూ అలా జరగడం అదొక్కసారే.

నిజం తెలిసింది అనుకోకుండా. అమ్మకి ఒంట్లో బాగాలేదంటే చూసి రావడానికి, ఒక పురోహితుడిగారి కుటుంబం తోడుండగా రాదారి పడవలో పుట్టింటికి వెళ్ళాను. అమ్మ కోలుకుంది. తిరుగు ప్రయాణం కూడా వాళ్ళతోనే. వాళ్ళు మా లాకు దాటి స్టేషను దాకా వెళ్ళాలి.

పడవ ఎక్కిన దగ్గర్నుంచీ గమనించాను, ఎవరూ స్థిమితంగా లేరు. ఇదివరకు పడవ ప్రయాణమంటే పడుకునేవాళ్ళు, పురాణం చదువుకునేవాళ్ళు, వక్కాకు నములుతూ ఊరి తగాదాలు తీర్చేవాళ్ళు. ఇప్పుడు అందరి నోటా రైలు మాటే. కాలువ చివర స్టేషను పడ్డాక, రైలు వచ్చే వేళకి పడవ చేరకపోతే మళ్ళీ మర్నాటి దాకా అక్కడే పడి ఉండాలట. ఒక ప్లీడరుగారు జేబు గడియారం తీసి చూస్తూ, "ఏంటయ్యా, ఇలా నడిస్తే రైలు అందుతుందా?" అని సరంగుని సతాయిస్తున్నాడు. సరంగు గట్టు మీద తాడు లాగే కళాసుల్ని కేకలేస్తున్నాడు. వెనకాల ఇంకో రాదారి పడవ వస్తోంది. అది ముందు చేరితే రేపటి నుంచి జనం దాన్నే ఎక్కుతారని అతని భయం. ఏ సరంగు జనాన్ని రైలుకి అందిస్తాడో అతనిదే పడవ.

మా లాకు కనబడింది. సరుకు పడవలు బారుగా ఆగి ఉన్నాయి. మాకు చాలాసేపు పడుతుంది, ఇంటికెళ్ళి పెద్దమ్మకి సాయం చెయ్యొచ్చు అనుకుంటున్నాను. మా సరంగు బూర ఊదాడు. సరుకు పడవలు పక్కకి తప్పుకున్నాయి. మా పడవ తిన్నగా లాకులోకి వెళ్ళిపోయింది.

"అదేంటయ్యా, వాళ్ళ వంతు కాదా?" అన్నాను.

"రైలుకెళ్ళే పడవలకి ముందు వదలమని పైనుంచి చెప్పారండి అమ్మగారూ. చాలా రోజులైందండి" అన్నాడు.

మా ఇంటి ముందు జరుగుతున్నది నేను పడవెక్కితే గానీ తెలియలేదు. వంటింట్లో పొగలో కూర్చున్నవాళ్ళకి లాకు తలుపులు కనబడవు మరి. పడవలో కూర్చుని చూస్తే మా ఇల్లే అవతలి గట్టున, నడక చెక్కకి ఆ చివర, ఎంతో దూరంగా కనిపించింది. అరుగు మీద నిలబడి పెద్దమ్మ, "రండి నాయనా, వడ్డించేశాం" అని పిలుస్తోంది. వెళ్ళి కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికే లాకు నిండిపోతుంది. నాకే వెళ్ళబుద్ధి కాలేదు. ఆమె పిలుపు విన్నవాళ్ళలో ఇద్దరు మగవాళ్ళు వెళ్ళారు, మిగతావాళ్ళు తలతిప్పుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంతలో తాడు లాగే గట్టు మీంచి, అంటే పడవ ఆనుకుని ఉన్న వైపు నుంచి, ఆ పిఠాపురం ఆవిడ వచ్చింది. తల మీద ముసుగు, చేతిలో గంప. గంపలో బాదమాకు పొట్లాలు. "ప్రసాదమండి, దేవుడికి నైవేద్యం పెట్టిన పులిహోరండి" అంటూ పడవ అంచునే నడుస్తోంది. చేతులు చాపి తీసుకున్నవాళ్ళే అందరూ. తీరిగ్గా ఉన్న ఒకరిద్దరు ఆవిడ పాక ముందు అరుగు మీద కూర్చుని చిన్న విస్తట్లో తిని లేచొచ్చారు. అన్నమైతే పడవలో అందరి మధ్యా కూర్చుని తినడానికి అంటు, మైల, పక్కన ఎవరున్నారో చూసుకోవాలి. ప్రసాదానికి అవేమీ లేవు కదా. ఆవిడ తెలివికి నేను మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

పురోహితుడిగారి భార్య ఒక పొట్లం నా చేతిలో పెట్టింది. ప్రసాదం కాదంటే పాపం. కళ్ళకద్దుకుని తిన్నాను. అన్ని నెలలుగా మమ్మల్ని తినేస్తున్న ఆ చేతివంట ఎలా ఉందంటే, ఉప్పు తక్కువ, చింతపండు పచ్చివాసన, ఆవ అసలే లేదు. పెద్దమ్మ అయితే ఆ పులిహోరని కుడితిలో కూడా పోసేది కాదు.

ఇంటికి రాగానే అంతా చెప్పాను. పెద్దమ్మకి ముందు కోపమొచ్చింది.

"నువ్వు తిన్నావా?"

"ప్రసాదం పెద్దమ్మా."

"పొయ్యి పక్కన పటం పెట్టుకుంటే ప్రసాదమైపోతుందా? అలా అయితే మనింట్లో కుడితీ ప్రసాదమే!"

"అది ఎలాగైనా కానీ. ఆవిడ మనకంటే బాగా వండటం లేదు. నీ వంటకి వంక లేదు. తినడానికి వాళ్ళకి తీరిక లేదు, అంతే."

ఆ మాటకి ఆమె సంతోషిస్తుందనుకున్నాను. మొహం ఇంకా వాడిపోయింది. వంట బాగా లేదంటే మార్చుకోవచ్చు. జనానికి తీరిక లేదంటే ఏం చేస్తుంది? నేను కూడా పులిహోర చేసి పట్టుకెళతానన్నాను. "ఏ గట్టు మీంచి పట్టుకెళతావే? తాడు లాగే గట్టు ఆవిడది. నువ్వు నడక చెక్క దాటేసరికి పడవ వెళ్ళిపోతుంది" అంది. చూడకుండానే నాకంటే ముందు ఆలోచించింది. ఆ వారంలో ఆమె తన పాత ఇత్తడి మరచెంబు తీసి తోమి, బట్టల మూట పక్కన పెట్టడం చూశాను.

కార్తీకంలో తుఫాను వాన పట్టుకుంది. ముసురు వదలడం లేదు. ఆ రోజు వండింది వండినట్టే ఉంది, పంక్తిలో ఒక్కరూ లేరు. మా ఇంటి ముందు రేవులో ఒక కొబ్బరికాయల పడవ పొద్దున్నుంచీ ఆగి ఉంది. రాదారి పడవలు వచ్చినప్పుడల్లా దాన్ని వెనక్కి నెడుతున్నారు. మధ్యాహ్నం దాని సరంగు తల మీద గోనెసంచి కప్పుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మగారూ, కాసిన్ని నిప్పులు ఇప్పించండి. పిడకలన్నీ తడిసిపోయాయండి. రాత్రి నుంచి మా వాళ్ళకి తిండి లేదండి."

పెద్దమ్మ నిప్పులు తియ్యడానికి లోపలికి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే అన్నం గుండిగ ముందు నిలబడి ఉంది. పక్కన కుడితి తొట్టి.

"తడిసిన పిడకలు నిప్పులతో మాత్రం అంటుకుంటాయా?" అంది, నాతో కాదు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంకాసేపు వాళ్ళు ఇక్కడే కదూ?" అంది.

"సాయంత్రం దాకా. రైలు పడవలు వెళ్ళాక గానీ వాళ్ళని వదలరు."

"గేదెకి పోసేది మనుషులకి పెడితే ఏమవుతుందే?"

ఏమవుతుందో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. పడవ కళాసులు మా ఇంట్లో తిన్నారంటే ఊళ్ళో ఏమంటారో, మడి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నేను వెళ్ళి ఆకులు కోసుకొచ్చాను.

పెద్దమ్మ సంస్కర్తేమీ కాదు, అలా రాస్తే అబద్ధం. ఆ రోజు వాళ్ళని వీధి అరుగు మీదే కూర్చోబెట్టింది. వడ్డించింది నేను, ఎత్తు నుంచి, ఆకు తగలకుండా. వాళ్ళలో ఒక కళాసి ఆదివారాలు మిషను వాళ్ళ గుడికి వెళ్ళే మనిషి. తనంతట తనే అరుగు దిగి చూరు కింద నేల మీద కూర్చున్నాడు. అతన్ని పైకి రమ్మని మేం పిలవలేదు. కానీ అతనికి కూడా అదే అన్నం, అదే పనసపొట్టు, అదే నెయ్యి. పెద్దమ్మ తలుపు చాటునుంచి చూస్తోంది. పప్పు అయింది, కూరలయ్యాయి, పులుసయింది. ఎవరూ లేవలేదు. పెరుగు వేస్తే మళ్ళీ అన్నం పెట్టించుకున్నారు. వాళ్ళు వెళ్ళాక పెద్దమ్మ వచ్చి ఆకులు చూసింది. మెతుకు లేదు. నిండు అరిటాకులు.

తర్వాత సంగతి త్వరగా చెబుతాను. రైలు పడవల్ని ముందు వదలమన్న ఆ ఉత్తరువే మా పంక్తిని చెదరగొట్టింది. అదే ఉత్తరువు వల్ల సరుకు పడవలు పూటలకి పూటలు మా రేవులో ఆగిపోయేవి. బియ్యం, బెల్లం, కలప, కొబ్బరి పడవల మీద కళాసులు, సరంగులు, సరుకు వెంట వచ్చే కోమట్ల గుమాస్తాలు. వాళ్ళకి ఆకలి ఉంది, తీరిక ఉంది, వండుకోవడానికి ఓపిక లేదు. ఇన్నాళ్ళూ మా కళ్ళ ముందే కూర్చుని ఉన్నారు. వాళ్ళు మా పంక్తిలో కూర్చునే మనుషులు కారు కాబట్టి వాళ్ళని లెక్కలోకే తీసుకోలేదు, అవతలి గట్టావిడ ఎంగిలాకులు మాత్రం లెక్కపెట్టాం.

గుమాస్తాలకి సన్నబియ్యం, కళాసులకి ముతకబియ్యం విడివిడిగా వండేవాళ్ళం. బయట వడ్డనకి వేరే గిన్నెలు వచ్చాయి. ఒక్కదానికి మాత్రం పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఎండుచేప కాల్చుకుంటే లాకు అవతల తినేసి, నోరు కడుక్కుని రావాలి. ఒక సరంగు మొలలో దాచుకొచ్చి పట్టుబడితే, అతన్ని వానలో నిలబెట్టి మాట్లాడింది. అతను మర్నాడు మళ్ళీ వచ్చాడు. పిఠాపురం ఆవిడ మీద కోపం కూడా పోయింది. పడవ జనంలో ఎవరైనా, 'నిండు భోజనం ఎక్కడ దొరుకుతుంది?' అంటే ఆవిడే మా వైపు చెయ్యి చూపించేదని తర్వాత విన్నాను. పెద్దమ్మ ఒకసారి ఆవిడకి ఆవపొడి పంపింది. దాన్ని వాడిందో, పారేసిందో తెలియదు.

ఎండలు ముదిరాయి. కాలువ కట్టేసే రోజు దగ్గర పడిందంటే సరుకు పడవలన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి, నీళ్ళుండగానే దాటాలి కదా. అలాంటి ఒక రోజు మా అరుగు నిండిపోయి, వాకిట్లో కూడా పంక్తి వేశాం. సరిగ్గా ఆ వేళకి వీధిలో బండి ఆగింది. బావగారు దిగారు.

పెద్దమ్మ చేతిలో పెరుగు దుత్త ఉంది. దాంతోనే లోపలికి వెళ్ళి తలుపు చాటున నిలబడింది. భర్త అన్నగారి ఎదుట పడటం, ఆయనతో నేరుగా మాట్లాడటం ఆమె ఎరగదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె గొంతు ఆయన వినలేదట. చెప్పాల్సింది నాకు చెబితే నేను ఆయనకి చెప్పాలి. దుత్తలో పెరుగు అంచుల దాకా కదులుతోంది. నాకు భయమేసింది. రమ్మంటే వెళ్ళిపోతుందేమో అనిపించింది. ఇల్లు నడుస్తున్నా సరే, పెద్దాయన బండి కట్టుకుని వచ్చి రమ్మంటే కాదనడం ఆమెకి రాదు.

ఆయన కండువాతో ముక్కు మూసుకుని పంక్తిని ఆ చివర నుంచి ఈ చివరకి చూశారు. చూరు కింద మిషను కళాసి తలెత్తి చూసి, మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు.

"వీళ్ళెవరు?"

"పడవల వాళ్ళండి" అన్నాను.

"ఈ ఇంట్లో వండినదేనా?"

"అవునండి."

"ఆవిడ చేతి వంటేనా?"

నేను తలుపు వైపు చూశాను. "పెద్దమ్మే వండుతుందండి, పొద్దున్న లేస్తే అదే పని" అన్నాను.

ఆయన గడప తొక్కలేదు. వాకిట్లోనే నిలబడి, తలుపు వినేలా చెప్పారు. "మా తమ్ముడి పేరు మంట కలిపావు. ఇక నువ్వు మా వంటింటికి పనికిరావు. మా ఇంట్లో పొయ్యి ముట్టుకోవడానికి వీల్లేదు. రావద్దు. చచ్చినా రావద్దు."

పంక్తిలో ఎవరూ తినడం లేదు. అప్పుడు తలుపు చాటునుంచి, నాకు కాదు, నేరుగా ఆయనకే వినబడేలా పెద్దమ్మ గొంతు వచ్చింది.

"ఎండనపడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళండి."

ఆ ఇంట్లో మజ్జిగ ఆయన ఎలా తాగుతారు? బండెక్కి వెళ్ళిపోయారు. చక్రాల చప్పుడు దూరమయ్యాక పెద్దమ్మ బయటికి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద ఆగని నవ్వు. నా చెయ్యి పట్టుకుని, "విన్నావుటే? రావద్దన్నారే! చచ్చినా రావద్దన్నారే!" అంది.

కొబ్బరి పడవ సరంగు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఉన్నాడు. "మావల్ల మీకు పెద్ద మాట వచ్చిందండి అమ్మగారూ" అన్నాడు.

"అవును నాయనా, మీవల్లే" అంది పెద్దమ్మ. నా చేతికి ఇవ్వకుండా, దుత్త తీసుకుని తనే అరుగు దిగి, చూరు కింద కూర్చున్న మనిషి దగ్గర మొదలుపెట్టి, వరసగా అందరికీ పెరుగు వేసుకుంటూ వచ్చింది.